దారిదీపాలు

కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడపకు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై, కర్నూలు నగరం దాటి 20 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే ఓర్వకల్లు వస్తుంది. వింత ఆకృతులతో నిలిచిన రాతి గుట్టలు, వాటి నడుమ ఏర్పడిన రాతివనం ఈ ఊరికి పేరు తెచ్చాయి. 2021 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. ఈ మండలంలోని శకునాల, పొరుగున ఉన్న గని గ్రామాల పరిధిలో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం 2017లో పూర్తయింది. పగటిపూట ఈ ప్రాంతానికి వెలుతురు కరవు లేదు. ఎండలు మండే రాయలసీమ మెట్టభూమి ఇది. పొద్దు వాలిన తరువాత మాత్రం పరిస్థితి వేరు. పెద్ద కూడళ్ళు దాటి పల్లెల వైపు మళ్ళే దారులలో వెలుగు అన్నది బండికి ఉన్న ఒక్క దీపమే.

ఆ దారుల్లో రాత్రివేళ ప్రయాణించేవారు తక్కువేమీ కాదు. పొలానికి నీరు పెట్టడానికి వెళ్ళే రైతులు, కర్నూలులో పని ముగించుకొని ఇళ్ళకు చేరే కూలీలు, పాలు పోసి వచ్చేవారు, చదువుకొని ఆలస్యంగా తిరిగివచ్చే విద్యార్థులు — వీరిలో చాలామందికి మోటారు సైకిలే ఆధారం. వెనుక దీపం లేకుండా నాపరాళ్ళ బరువుతో నిలిచిపోయిన ట్రాక్టరు, దారికి అడ్డంగా పడుకున్న గేదె, వానకు కోసుకుపోయిన రోడ్డు అంచు — వీటిలో ఏ ఒక్కటి సమయానికి కనబడకపోయినా ప్రాణాపాయమే. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే.

అందుచేత బండికి అదనంగా ఎల్.ఇ.డి. దీపాలు అమర్చుకోవాలన్న ఆలోచన సహజమైనదే. కాని అమర్చే విధానం తెలియకపోతే మేలు చేయవలసిన దీపమే కీడు చేస్తుంది. బ్యాటరీ శక్తికి మించిన దీపం నడిదారిలో బండిని నిలిపివేస్తుంది. రక్షణ లేని తీగ పెట్రోలు ట్యాంకు కిందనే వేడెక్కి కాలిపోతుంది. హద్దు లేని కాంతి ఎదుటివాని కళ్ళకు చీకటి కమ్మిస్తుంది. కాబట్టి అదనపు దీపాన్ని అమర్చదలచినవారు మూడు హద్దులు ఎరిగి ఉండాలి: బ్యాటరీ మోయగల భారం, తీగ భరించగల విద్యుత్తు, ఎదుటి కన్ను సహించగల వెలుగు.

దీపం వెనుక ఉన్న విజ్ఞానం

శకునాల వద్ద ఎండను విద్యుత్తుగా మార్చే సౌరఫలకానికి, బండి ముందు విద్యుత్తును వెలుగుగా మార్చే ఎల్.ఇ.డి.కి దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటిలోనూ ఉన్నది అర్ధవాహక పదార్థంతో చేసిన పి–ఎన్ సంధి. సౌరఫలకంలో కాంతి ఈ సంధిపై పడినప్పుడు ఎలక్ట్రాన్లు విడివడి విద్యుత్తు ప్రవహిస్తుంది. ఎల్.ఇ.డి.లో దీనికి విలోమంగా జరుగుతుంది. సంధి గుండా విద్యుత్తును పంపితే ఎలక్ట్రాన్లు రంధ్రాలతో కలిసి తమలోని శక్తిని కాంతి రూపంలో విడిచిపెడతాయి. సౌరఫలకాలను ఎక్కువగా సిలికాన్‌తో తయారుచేస్తారు. సిలికాన్ కాంతిని గ్రహిస్తుందే గాని బాగా వెదజల్లలేదు. అందువల్ల తెల్లని ఎల్.ఇ.డి.లకు గాలియం నైట్రైడ్ వంటి పదార్థాలను వాడతారు.

కంటికి కనబడే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికా శాస్త్రవేత్త నిక్ హోలోన్యాక్ రూపొందించాడు. నీలి కాంతినిచ్చే సమర్థమైన దీపం కోసం మరో మూడు దశాబ్దాలు వేచి ఉండవలసివచ్చింది. దానిని సాధించిన జపాన్ శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానోలకు, జపానులోనే ఆ కృషి సాగించిన షూజీ నకమురాకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నీలి దీపంపై పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత పూస్తే ఆ రెండు వర్ణాలు కలిసి కంటికి తెల్లగా కనబడతాయి. ఈనాడు బండ్లకు అమర్చే తెల్లని ఎల్.ఇ.డి. దీపాల మూలం ఇదే.

పాత హాలోజన్ దీపంలో తీగ ఎర్రగా కాగి వెలుగుతుంది. అది తీసుకొన్న విద్యుత్తులో అధికభాగం వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి. అదే విద్యుత్తుతో అనేక రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది. అయితే ఎల్.ఇ.డి. వేడెక్కదనుకోవడం పొరపాటు. దాని వేడి కాంతితో పాటు ముందుకు పోక, వెనుకనున్న సంధి వద్దనే నిలిచిపోతుంది. ఆ వేడిని గాలికి అప్పగించడానికే దీపం వెనుక అల్యూమినియం రెక్కలు ఉంటాయి. వాటికి గాలి తగలని చోట దీపాన్ని బిగిస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

బ్యాటరీ మోయగల భారం

సాధారణ మోటారు సైకిళ్ళలో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపు దానికి అనుసంధానమైన జనరేటరు విద్యుత్తును ఉత్పత్తి చేసి, బండి అవసరాలు తీర్చి, మిగిలినది బ్యాటరీలో నింపుతుంది. ఇంటి ఖర్చులో ఆదాయ వ్యయాలు ఎట్లాంటివో బండి విషయంలో ఇవీ అట్లాంటివే. హెడ్‌లైటు, వెనుక దీపం, ఇగ్నిషన్, హారన్, సూచిక దీపాలు ఇప్పటికే ఖాతాలో ఉన్న ఖర్చులు. పైగా 2017 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన వల్ల, ఆ తరువాత తయారైన ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. కొత్త దీపాన్ని చేర్చేముందు జనరేటరు ఉత్పత్తి ఎంత అన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసి తెలుసుకోవాలి.

లెక్క కట్టే విధానం సులభమైనది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 20 వాట్ల దీపాలు రెండు అమర్చదలచినట్లయితే మొత్తం 40 వాట్లు. దానిని 12తో భాగిస్తే సుమారు 3.3 ఆంపియర్లు. ఇంజను ఆపి ఈ దీపాలను వెలిగిస్తే 5 ఆంపియర్–గంటల బ్యాటరీ లెక్క ప్రకారం గంటన్నరలో ఖాళీ అవుతుంది. అంతకుముందే బండిని స్టార్ట్ చేయలేని స్థితి వస్తుంది. అంగడిలో పెట్టెలపై రాసి ఉండే పెద్ద పెద్ద వాట్ల సంఖ్యలను చూసి మోసపోకుండా, తన బండి ఎంత ఇవ్వగలదో దానికి తగిన దీపాన్నే ఎంచుకోవడం వివేకం.

విద్యుత్తుకు దారి వేయడం

హెడ్‌లైటుకు పోయే తీగను మధ్యలో కోసి, కొత్త దీపం తీగలను మెలిపెట్టి, పైన టేపు చుట్టడం చాలాచోట్ల కనబడే పద్ధతి. ఇది తేలికైనదే గాని సరైనది కాదు. హెడ్‌లైటు తీగను, దాని స్విచ్‌ను కంపెనీవారు హెడ్‌లైటు భారానికి తగినట్లుగానే తయారుచేస్తారు. ఆపైన మరో 40 వాట్లు మోపితే తీగ వేడెక్కుతుంది, స్విచ్ లోపలి స్పర్శ బిందువులు మాడిపోతాయి. కొత్త దీపానికి బ్యాటరీ నుండి ప్రత్యేకమైన దారి వేయాలి. ఆ దారికి రెండు కాపలాలు ఉండాలి. అవి ఫ్యూజు, రిలే.

ఫ్యూజు తాను ముందుగా కరిగి మిగిలినవాటిని కాపాడుతుంది. తీగపైనున్న తొడుగు ఒరుసుకుపోయి లోపలి రాగి బండి చట్రానికి తగిలిందంటే, బ్యాటరీలోని శక్తి అంతా ఒక్కసారిగా ఆ మార్గాన పరుగెత్తుతుంది. ఫ్యూజు ఉంటే క్షణంలో దారి తెగిపోతుంది. లేకపోతే తీగ మొత్తం నిప్పుతీగ అవుతుంది. 3.3 ఆంపియర్ల దీపాలకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. దానిని బ్యాటరీ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరగా అమర్చాలి. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్యనున్న తీగకు ఏ రక్షణా ఉండదు గనుక ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. ఫ్యూజు పోయినప్పుడు దాని చోట రాగి పోచను చుట్టడం కాపలావానిని పంపివేసి తలుపులు తెరిచి నిద్రపోవడం వంటిది. ఫ్యూజు ఎందుకు పోయిందో కనుగొని సరిచేసిన తరువాతనే అదే కొలత గల కొత్త ఫ్యూజును పెట్టాలి.

రిలే పనితీరును కర్నూలు జిల్లా విద్యార్థులకు కె.సి. కాలువ తూము చక్కగా బోధిస్తుంది. తూము మరను తిప్పే చెయ్యి కొద్దిపాటి బలాన్నే ఉపయోగిస్తుంది. తెరుచుకున్న తలుపు గుండా పొలాలకు పారే నీరు మాత్రం అపారం. ఆ నీటి బరువును చెయ్యి మోయదు. రిలేలో ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. స్విచ్ నొక్కినప్పుడు దాని గుండా ఆంపియరులో ఆరవ వంతుకు మించని విద్యుత్తు ప్రవహించి, ఆ చుట్ట అయస్కాంతంగా మారుతుంది. అది లోపలి లోహపు నాలుకను లాగి, బ్యాటరీ నుండి దీపానికి పోయే పెద్ద దారిని కలుపుతుంది. స్విచ్‌పై దీపం భారం పడదు.

వాహనాలలో వాడే రిలేపై 30, 85, 86, 87 అనే అంకెలు ముద్రించి ఉంటాయి. బ్యాటరీ ధన ధ్రువం నుండి ఫ్యూజు మీదుగా వచ్చే తీగను 30కి కలపాలి. 87 నుండి దీపాల ధన తీగలకు విద్యుత్తు పోతుంది. 85ను బ్యాటరీ రుణ ధ్రువానికి లేదా చట్రానికి కలపాలి. 86కు స్విచ్ నుండి వచ్చే తీగ చేరుతుంది. దీపాల రుణ తీగలు తిరిగి బ్యాటరీ రుణ ధ్రువానికి చేరితే వలయం పూర్తవుతుంది.

స్విచ్‌కు విద్యుత్తు ఎక్కడనుండి తీసుకోవాలన్నది ముఖ్యమైన ప్రశ్న. నేరుగా బ్యాటరీ నుండి తీసుకుంటే తాళం తీసిన తరువాత కూడా దీపం వెలుగుతూ ఉండిపోవచ్చు. తాళం తిప్పినప్పుడే విద్యుత్తు వచ్చే తీగ నుండి తీసుకుంటే ఆ భయం ఉండదు. దూరాన్ని చూపే దీపాలైతే హై బీమ్ తీగ నుండి తీసుకోవడం ఇంకా మేలు. అప్పుడు ఎదురుగా వాహనం రాగానే చోదకుడు డిప్పర్ నొక్కి హెడ్‌లైటును దించితే, అదనపు దీపాలు కూడా ఆ మీటతోనే ఆరిపోతాయి. మరచిపోవడానికి అవకాశం లేని అమరిక ఇది.

పనిలో పాటించవలసిన జాగ్రత్తలు

పని మొదలుపెట్టేముందు బండి తాళం తీసి, బ్యాటరీ రుణ ధ్రువపు తీగను మొదట విప్పాలి. పని ముగిసిన తరువాత దానినే చివర బిగించాలి. ఈ క్రమం పాటిస్తే స్పానరు పొరపాటున చట్రానికి తగిలినా నిప్పురవ్వలు రావు.

తీగ మందం కూడా లెక్కలోనిదే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఈ భారానికి చక్కగా సరిపోతుంది. అందులో ఐదవ వంతు మందం గల సన్నని తీగను రెండు మీటర్ల పొడవున వాడితే, 3.3 ఆంపియర్ల వద్ద అర వోల్టుకు పైగా దారిలోనే వేడిగా వృథా అవుతుంది. తీగలను చట్రం వెంబడి, గొట్టపు తొడుగులో ఉంచి, సైలెన్సర్‌కు, ఇంజను రెక్కలకు తగలకుండా తీసుకుపోవాలి. హ్యాండిల్ మెడ వద్ద కొంత వదులు ఉంచి, హ్యాండిల్‌ను కుడి ఎడమలకు పూర్తిగా తిప్పి, తీగ బిగుసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. అక్కడ రోజూ వంగే తీగ కొన్ని నెలలకు లోలోపలే తెగిపోతుంది.

అతుకుల విషయంలో కర్నూలు ఎండలను గుర్తుంచుకోవాలి. వేసవిలో నీడపట్టున కూడా ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, ఇంజను వేడి కూడా తోడైతే టేపు జిగురు కరిగి విడిపోతుంది. నొక్కి బిగించే కొక్కేలు వాడి, పైన వేడికి ముడుచుకునే గొట్టాలు తొడిగితే అతుకు నిలుస్తుంది. దీపం పెట్టెపై ‘ఐ.పి. 67’ అని ఉంటే, అందులోకి దుమ్ము చొరబడదని, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తట్టుకోగలదని అర్థం. మెట్టదారుల దుమ్ముకు ఇటువంటి దీపమే తగినది. ఈ పనులలో అనుభవం లేనివారు తెలిసిన మెకానిక్‌తో చేయించుకోవడం మంచిది. అప్పుడు కూడా ఫ్యూజు ఎక్కడ పెట్టారో, ఏ కొలతదో అడిగి తెలుసుకోవడం వారి బాధ్యత.

వెలుగుకు హద్దు

చీకటిలో కంటిపాప విప్పారి, రెటీనాలోని దండకణాలు సూక్ష్మమైన వెలుగును సైతం పట్టుకొంటాయి. ఆ స్థితిలో ఉన్న కంటిపై తీవ్రమైన కాంతి పడితే కొన్ని క్షణాలపాటు చూపు మసకబారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్లలో 50 మీటర్లు సాగిపోతుంది. ఆ 50 మీటర్లు ఎదుటివాడు చూపులేనివానితో సమానంగా ప్రయాణిస్తున్నాడన్నమాట. నడుమ విభాజకం లేని ఇరుకు దారిలో అతడు తప్పిపోయి వచ్చేది వెలుగు విసిరినవాని మీదికే కావచ్చు. పరుల కన్ను కాపాడడం ఇక్కడ స్వీయరక్షణ కూడా.

చట్టం కూడా ఇదే చెప్పింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం, ముందు దీపపు కాంతి 8 మీటర్ల దూరంలో, నేల నుండి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉండే కంటికి మిరుమిట్లు గొలపరాదని నిర్దేశిస్తున్నది. బండి ముందు ఎర్రని దీపం చూపరాదు. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. అందువల్ల దీపాలు కొనకముందే అవి అనుమతింపదగినవా కావా అన్నది రవాణాశాఖ కార్యాలయంలో తెలుసుకోవడం అవసరం.

దీపాన్ని సరైన కోణంలో నిలపడానికి ఒక గోడ, ఒక సుద్దముక్క చాలు. సమతలమైన నేలపై గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో బండిని నిలిపి, చోదకుడు దానిపై కూర్చోవాలి. దీపం మధ్యభాగం నేల నుండి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే గోడపై అంతే ఎత్తున గీత గీసి, దానికి 15 సెంటీమీటర్ల దిగువన మరో గీత గీయాలి. కాంతి పై అంచు ఆ దిగువ గీతను దాటకుండా దీపాన్ని వంచి బిగించాలి. వెనుక మరొక మనిషి కూర్చుంటే బండి వెనుకభాగం కుంగి, ముందు దీపం పైకి లేస్తుంది. ఆ స్థితిలో కూడా ఒకసారి పరీక్షించి చూడాలి.

వెలుగు, వేగం

ఇట్లా అమర్చిన దీపం కాంతి ఎంతదూరం పోతుందో కూడా ఆ గోడే చెబుతుంది. ఏడున్నర మీటర్లలో 15 సెంటీమీటర్లు దిగిన కాంతిరేఖ, 60 సెంటీమీటర్లు దిగి నేలను తాకడానికి 30 మీటర్లు పడుతుంది. ఆ వెలుగునే నమ్ముకొని పోయేవాడు ఎంత వేగంతో పోవచ్చు? అడ్డంకి కంటబడిన తరువాత చెయ్యి బ్రేకును అందుకోవడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకొంటే, పొడి రోడ్డుపై ఒక మోస్తరు గట్టిగా బ్రేకు వేసినా గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి మొత్తం 29 మీటర్లు కావాలి. 60 కిలోమీటర్ల వేగంలో 53 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగంలో 83 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపుతో ఆగక, దాదాపు మూడు రెట్లకు చేరుతున్నది.

అంటే ఎదుటి వాహనం కోసం హెడ్‌లైటు దించి, 30 మీటర్ల వెలుగులో పోతున్నవాడు గంటకు 40 కిలోమీటర్లకు మించిపోతే, దీపం చూపిన అడ్డంకిని చూస్తూనే ఢీకొంటాడు. దీపం అడ్డంకిని చూపగలదు గాని బండిని ఆపలేదు. కొత్త దీపాలు వచ్చాయన్న ధైర్యంతో వేగం పెంచినవాడు ఆ దీపాలు తెచ్చిన మేలును తానే పోగొట్టుకొంటాడు.

ఓర్వకల్లు దారులలో రాత్రి ప్రయాణం ఆగేది కాదు. పొలానికి నీరు పెట్టాలి, పంట అంగడికి చేరాలి, పని ముగించినవాడు ఇల్లు చేరాలి. ఆ ప్రయాణాలకు మంచి దీపం తోడు కావడం అవసరమే. బ్యాటరీకి భారం కాకుండా, తీగకు చేటు కలగకుండా, ఎదుటివాని చూపు చెదరకుండా వెలిగినప్పుడే అది దారిదీపం అవుతుంది.

ప్రశ్నలు

1. అదనపు దీపాలు అమర్చేవారు ఎరిగి ఉండవలసిన మూడు హద్దులను వివరించండి.
2. సౌరఫలకానికి, ఎల్.ఇ.డి.కి గల సంబంధాన్ని తెల్పండి.
3. రిలే పనితీరును పాఠంలోని పోలిక ఆధారంగా రాయండి.
4. ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా ఎందుకు అమర్చాలి?
5. ‘పరుల కన్ను కాపాడడం స్వీయరక్షణ కూడా’ — ఈ వాక్యాన్ని సమర్థించండి.